ఫుట్‌బాల్ గురువు రహీం సాహెబు

అడవి అంచున ఉన్న మన దమ్మపేట విద్యార్థులకు సయ్యద్ అబ్దుల్ రహీం పేరు అంతగా తెలియకపోవచ్చును. ఒకప్పుడు ఆసియా ఖండమంతటా మన ఫుట్‌బాల్‌కు గౌరవం తెచ్చిన ఆ మహనీయుడు 1909లో హైదరాబాదులో జన్మించిన ఒక బడిపంతులు.

ఉర్దూ బోధనా భాషగా ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన పట్టభద్రులైరి. అక్కడి జట్టులోనే ఆటగాడిగా పేరు పొందిరి. తరువాత కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసి, వ్యాయామ విద్యలో శిక్షణ పొందిరి. 1943 నుండి మరణపర్యంతం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘ కార్యదర్శి ఆయనే.

1950లో నగర పోలీసు జట్టు శిక్షణ భారం ఆయనకు లభించినది. ఆ ఏడే కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించి ఆ జట్టు డ్యూరాండ్ కప్పు గెలిచినది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు దానిదే! బ్యాక్ స్థానంలో అజీజుద్దీన్, హాఫ్ స్థానంలో నూర్ మహమ్మద్ ఆ జట్టుకు పెట్టని కోటలు. రహీం సాహెబు పద్ధతి విచిత్రమైనది. బంతిని కాళ్ళ మధ్య త్రిప్పుచు ఒంటరిగా పరుగిడుట నిషిద్ధమైన పోటీలు, అలవాటు లేని కాలితోనే ఆడవలసిన పోటీలు నడిపించెడివారు. ఉపాధ్యాయుడు గనుక లోపమున్నచోటనే అభ్యాసం పెట్టిరి.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవారు అధికులు వట్టి కాళ్ళతో ఆడి యుగోస్లావియా చేతిలో 1–10 తేడాతో పరాజితులైరి. ఆ పరాభవానంతరం బూట్లు తప్పనిసరియైనవి. పాత అమరికను విడిచి, కొత్త వ్యూహాన్ని రహీం అవలంబించిరి. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి భారత జట్టు నాల్గవ స్థానం పొందినది.

1962 జకార్తా ఆసియా క్రీడలలో తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓటమి. బ్యాక్ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. మరొకరైతే ఆతనిని కూర్చుండబెట్టెడివారు. రహీం ఆతనిని ముందుకు పంపి ఫార్వర్డ్‌గా ఆడించిరి. సెప్టెంబరు 4న, ప్రేక్షకుల ద్వేషారావముల నడుమ, అదే కొరియాతో తుదిపోరు. గోలు కాచినది హైదరాబాదు బిడ్డ తంగరాజ్. ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోలు, కుట్లున్న తలతో జర్నైల్ మరొక గోలు సాధించగా 2–1తో స్వర్ణం మనదైనది.

తొమ్మిది మాసములకే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయనను కబళించినది. ఆ స్వర్ణం తిరిగి మనకు రాలేదు. 1960 రోమ్ ఒలింపిక్ జట్టులో సభ్యుడైన ఆయన కుమారుడు షాహిద్ హకీం 2021లో కాలధర్మం చెందిరి.