పాలెంకే నగరాధిపతి పకాల్ చరిత్రము

చెడిన యూరిని బాగుచేయుటకు వెలుపలినుండి మహాపురుషు డెవ్వడో రావలెనని పలువురు తలంతురు. ఆ యూరి బిడ్డయే, అందును పండ్రెండేండ్ల బాలుడే, సింహాసనమెక్కి దానిని నిలువబెట్టిన వృత్తాంత మొకటి మాయాజాతివారి శిలాశాసనములయందు గలదు. దానిని మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

మెక్సికో దేశపు దక్షిణభాగమున, చియాపాస్ సీమలో, దట్టమగు నడవి నడుమ పాలెంకే యను ప్రాచీన నగరపు శిథిలములున్నవి. అచ్చట సెలయేళ్లు మెండు. కావుననే పూర్వులు దానికి ‘గొప్ప నీళ్లు’ అను నర్థముగల లకమ్‌హా యను పేరిడిరి. క్రీ. శ. 599లో నొకమారును, 611లో మఱియొకమారును కలక్‌ముల్ అను ప్రబల రాజ్యమువా రా నగరముపై దండెత్తి దానిని పాడుచేసిరి. రాజవంశము చెదరెను. దేవతల కర్పింపవలసిన కానుకలు సయితము నిలిచిపోయెను.

పకాల్ 603లో జన్మించెను. ఆ పేరునకు డాలు అని యర్థము. రెండవ యపజయమునాటికి అతడు ఎనిమిదేండ్ల బాలుడు. 615లో నతనికి పట్టాభిషేకమయ్యెను. తల్లియగు సక్ కూక్ కుమారునికి కిరీట మందిచ్చుచున్నట్లు చెక్కిన కోడిగ్రుడ్డు ఆకారపు రాతిఫలకము రాజమందిరపు గోడయందు నేటికిని చూడవచ్చును.

పట్టమైనంతనే మేడలు లేచెనని తలంపరాదు. అతడు కట్టించినట్లు మన మెఱిగిన మొదటి యాలయము 647 ప్రాంతమునది. అనగా రాజైన ముప్పదిరెండేండ్లకు గాని యది లేవలేదు. 654లో రాజమందిరమున నొక తెల్లని గృహము వెలసెను. 659నాటికి శత్రువులను చెఱపట్టునంతటి బలము కలిగెను.

ఆ శిల్పులకు ఇనుప పనిముట్లు లేవు, బండ్లు లేవు, బరువు మోయు పశువులును లేవు. అయినను వారి నేర్పు చూడుడు. రాళ్లను వరుస వరుసకు కొంచెముగా లోపలికి జరిపి పైన కలుపుటచే మాయావారి కప్పు లేర్పడును. అట్టి కప్పులు మిక్కిలి బరువైనవగుటచే గోడలు దళసరిగను గదులు ఇఱుకుగను ఉండెడివి. పాలెంకే శిల్పులు రెండు కప్పులను నడిమి గోడపై జంటగా నిలిపి, పైకప్పును వాలుగా దీర్చి బరువు తగ్గించిరి. అందుచే గదులు విశాలమై వెలుతురును గాలియు వచ్చెను. రాజమందిరము ప్రక్కనున్న యేటిని రాతికప్పుగల కాలువలోనికి మరల్చి దారి యేర్పఱచిరి.

వార్ధక్యమున పకాల్ తన సమాధిమందిరమును తలపెట్టెను. తొమ్మిది యంతస్తుల యా కట్టడము పూర్తికాకముందే, అరువది యెనిమిదేండ్లు పాలించి, 683లో మరణించెను. మరుసటి యేట రాజైన కుమారుడు కన్ బహ్లమ్ దానిని ముగించెను.

మెక్సికో దేశపు పండితుడు ఆల్బెర్టో రూస్ ఆలయపు నేలరాతిలో నున్న రంధ్రములను గమనించి, రాళ్లతో మట్టితో పూడ్చిన మెట్లదారిని నాలుగేండ్లు త్రవ్వించి, 1952లో సమాధి గదిని చేరెను. పండ్రెండడుగులకు మించిన పొడవుగల యేకశిల మూతక్రింద పచ్చరాతి ముక్కల ముసుగుతో రాజు పండుకొని యుండెను. మూతపై లోకవృక్షము చెక్కబడియున్నది. దానిని ఆకాశయానమని కొంద రనిరి గాని, శాసనముల లిపి తెలిసిన పండితు లది నిరాధారమని నిరూపించిరి. శవపేటిక ప్రక్కలను రాజుయొక్క పూర్వులు కోకో, జామ మొదలగు ఫలవృక్షములతో భూమినుండి మొలచుచున్నట్లున్నారు. గతించినవారే రాబోవువారికి ఫలములని శిల్పి భావము కాబోలు.

ఇట్టి పని అడవి మనుష్యుల కసాధ్యమని యెంచి, ఐరోపావారిలో కొందరు దీనిని ఇతర జాతుల కంటగట్టిరి. ఆ రాళ్లపై నున్న వ్రాతలే తమవారి కీర్తిని తమవారికి తిరిగి యిప్పించినవి. మాయాజాతివారు నశింపలేదు, మెక్సికో, గ్వాటిమాలా దేశములలో లక్షలకొలది నేటికిని జీవించుచు తమ భాషల మాటలాడుచున్నారు.

విద్యార్థులారా! ఓడిన యూరియందు పుట్టుట అవమానము కాదు. ముప్పది రెండేండ్లు ఓపికతో వేచి మొదటి గుడి లేపిన యా రాజు చరిత్రమును, త్వరగా ఫలము కోరు వేళల మీరు జ్ఞప్తికి దెచ్చుకొందురుగాక.