వెట్టికీ సేవకూ మధ్య గీత: డోర్నకల్ బిషప్ అజరయ్య

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య బిషప్‌గా అభిషేకం పొందారు. అప్పటికి ఆయన వయసు 38. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. అంతదాకా తెల్లవారే కూర్చున్న పీఠం మీద ఒక భారతీయుడు కూర్చోవడం ఆ రోజుల్లో పెద్ద సంగతే. అందుకే ఆయన గురించి రాసేవాళ్ళు చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇంకొందరు డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ గుమ్మటాల దగ్గర ఆగుతారు.

ఆ పీఠాన్నీ ఆ గుమ్మటాలనూ మోసినవాళ్ళెవరు అన్న ప్రశ్న మాత్రం తక్కువగా వినిపిస్తుంది. వాళ్ళలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలు. పగలు దొరల పొలాల్లో పనిచేసి, రాత్రి దీపం వెలుగులో పాట నేర్చుకున్న పాలేర్లు, కూలీలు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు. జీతం లేకుండా సంఘాన్ని నడిపిన ఈ కార్యకర్తలను అజరయ్య ఎలా తయారుచేశారు, వాళ్ళ చేతికి ఏమిచ్చారు, ఏమివ్వలేకపోయారు అన్నవి ఉద్యమాల్లో పనిచేసే మనకు ఇప్పటికీ అవసరమైన ప్రశ్నలు.

తాటివనాల నుంచి డోర్నకల్‌కు

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళై అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం పల్లెటూరి పాస్టర్. వాళ్ళది నాడార్ కులం. తాటిచెట్లెక్కి కల్లు గీసి బతికిన కులమది. దళిత కులం కాకపోయినా దానికి గుడి ప్రవేశం ఉండేది కాదు. పక్కనే ఉన్న తిరువాన్కూరులో ఆ కులపు ఆడవాళ్ళు రొమ్ము మీద బట్ట కప్పుకునే హక్కు కోసం కొన్ని దశాబ్దాలు పోరాడవలసి వచ్చింది. కులం మనిషిని ఎలా కుంగదీస్తుందో ఆయనకు పుస్తకాల్లో చదివితే తెలిసింది కాదు.

మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివాక 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, 1909 వరకు దక్షిణాది అంతా తిరిగారు. 1902లో యాళ్పాణం వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో తమవాళ్ళనే సేవకు పంపడం చూశారు. మరి మనమెందుకు తెల్లవారి డబ్బు మీద, తెల్లవారి పెత్తనం కింద బతకాలన్న ప్రశ్న ఆయనకు అక్కడ గట్టిగా పట్టుకుంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. డబ్బు, మనుషులు, నిర్వహణ అన్నీ ఇక్కడివే. 1905లో శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పాటులోనూ ఆయన ముందున్నారు.

తిరునెల్వేలి సొసైటీ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1909లో అజరయ్య మద్రాసు ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, భార్య అన్బు మరియమ్మాళ్‌తో ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో మాట్లాడే అవకాశం వస్తే, తెల్ల మిషనరీలు భారతీయులకు దానం చేస్తారు, త్యాగం చేస్తారు గానీ సమానంగా కూర్చోబెట్టుకుని స్నేహం చేయరని వాళ్ళ ముఖం మీదే అన్నారు. సభలో చాలామందికి కోపం వచ్చింది. ఆ మాటను ఆయన తనకూ వర్తింపజేసుకున్నారా లేదా అన్నదానికి జవాబు డోర్నకల్ పల్లెల్లో వెతకాలి.

సాక్ష్యం చెప్పే హక్కు

ఆనాటి తెలంగాణ పల్లెలో మాల, మాదిగలకు జీతం లేని పని కొత్త కాదు. అధికారులు వస్తే మూటలు మోయాలి, కబుర్లు చేరవేయాలి, దొరకు చెప్పులు కుట్టాలి, మోటకు తోలు ఇవ్వాలి. ఇదంతా వెట్టి. అట్లాంటి మనుషులను మళ్ళీ జీతం లేని పనికి పిలవడం మామూలు సంగతి కాదు. వెట్టికీ స్వచ్ఛంద సేవకూ మధ్య తేడా ఎక్కడుందో చూపించలేకపోతే ఆ పిలుపు ఇంకో దొర పిలుపే అవుతుంది.

అజరయ్య ఆ తేడాను మూడు పనుల్లో చూపించారు. మొదటిది శిక్షణ. బాప్తిస్మానికి ముందు నెలల తరబడి నేర్పేవాళ్ళు. చదువు రానివాళ్ళు కాబట్టి పాటగా, కథగా, నోటి పాఠంగా నేర్పేవాళ్ళు. కోలాటం, భజన వంటి ఊరి పద్ధతులు ఇందుకు పనికొచ్చాయి. నేర్పేది ఎక్కువగా ఆ కులాల్లోంచే వచ్చిన పంతులు. ఆయన అదే వాడలో కాపురముండి, పగలు పిల్లలకు బడి, రాత్రి కూలి నుంచి తిరిగొచ్చిన పెద్దలకు పాఠం చెప్పేవాడు. పంతులు భార్యకూ శిక్షణ ఉండేది. వాడలోని ఆడవాళ్ళ దగ్గరికి ఆమె వెళ్ళేది.

రెండవది సాక్ష్యం. ఏడాదికోసారి సాక్ష్య వారం జరిగేది. ఆ వారంలో పాస్టర్లే కాదు, సంఘంలోని సామాన్యులు గుంపులుగా చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళి తమ బతుకులో ఏం మారిందో చెప్పేవాళ్ళు. బాప్తిస్మం పొందే మనిషి తన తల మీద తానే చెయ్యి పెట్టుకుని, ఈ సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అని ప్రమాణం చేసే ఆచారాన్ని ఆయన పెట్టారు. అంటే చేరిన రోజే ప్రతివాడూ కార్యకర్త. రచ్చబండ దగ్గర మాదిగ మాటకు విలువ లేని కాలంలో, సాక్ష్యమిచ్చే పని అతని చేతిలో పెట్టడం చిన్న మార్పు కాదు.

మూడవది కానుక. బీదవాళ్ళు కదా, వాళ్ళనేం అడుగుతామన్న జాలిని అజరయ్య ఒప్పుకోలేదు. వంట చేసేటప్పుడు ఒక గుప్పెడు బియ్యం పక్కన పెట్టమన్నారు. కోత పండుగకు ధాన్యం, కోడి, కూరగాయలు ఏది ఉంటే అది తెమ్మన్నారు. కానుక గురించి ఆయన ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. తీసుకునేవాడు ఎప్పటికీ కింద చెయ్యిగానే మిగులుతాడని, ఇచ్చినప్పుడే సంఘం తనదవుతుందని ఆయన నమ్మకం. ఊళ్ళో తగాదాలు, తాగుడు గొడవలు తేల్చడానికి సంఘ పంచాయితీలుండేవి. అక్కడ తీర్పు చెప్పేది వాడ పెద్దలే.

కాలక్రమంలో కృష్ణా ప్రాంతపు సి.ఎం.ఎస్. క్షేత్రాలు, నంద్యాల వైపు ఎస్.పి.జి. క్షేత్రాలు కూడా ఈ డయాసిస్‌లో కలిశాయి. 1941 నాటికి క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. మాల, మాదిగ వాడల్లో వచ్చిన మార్పు చూసి శూద్ర కులాల వాళ్ళు కూడా కొందరు వచ్చి చేరారు. కింది కులం నడిచిన దారిలో పై కులం నడవడం మన పల్లెల్లో అరుదు.

గాంధీతో పేచీ

1935లో అంబేడ్కర్ యేవలాలో హిందువుగా చావనని ప్రకటించాక మతమార్పిడి చర్చ దేశమంతా వేడెక్కింది. 1936లో గాంధీ, క్రైస్తవ మతాన్ని బేరీజు వేసుకునే తెలివి దళితులకు లేదన్న ధోరణిలో మాట్లాడారు. డోర్నకల్ వంటి చోట్ల జరుగుతున్న సామూహిక మార్పిడులను తప్పుపట్టారు. అజరయ్య జాతీయవాదే. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్న మనిషి. అయినా ఈ విషయంలో గాంధీతో రాజీ పడలేదు. తన మతాన్ని తాను ఎంచుకునే బుద్ధి, మనసు పాలేరుకీ ఉన్నాయన్నది ఆయన పక్షం. వాళ్ళే ఊరూరా తిరిగి సాక్ష్యం చెబుతుంటే చూసినవాడు వేరేగా అనలేడు.

దాటలేని గీతలు

అంతమాత్రాన డోర్నకల్‌ను స్వర్గంగా చెప్పుకుంటే చరిత్ర కాదు. చర్చిలో చేరినా మాల, మాదిగల మధ్య దూరం పోలేదు. పక్కపక్కన కూర్చోవడానికి, ఒకే పాత్ర నుంచి ప్రభురాత్రి భోజనం తీసుకోవడానికి వెనకాడిన సంఘాలున్నాయి. అజరయ్య కులాన్ని పాపమన్నారు గానీ, ఉపదేశంతో పోయే రోగం కాదది. ఆనాటి మిషన్ క్రమశిక్షణ డప్పును గ్రామదేవతల కొలువుతో ముడిపెట్టి దూరం పెట్టింది. ఈరోజు ఆత్మగౌరవ గుర్తుగా మోగుతున్న వాద్యం అప్పట్లో వదిలేయవలసిన మురికిలో ఒకటిగా లెక్కకొచ్చింది. డయాసిస్ పగ్గాలు చివరిదాకా బిషప్ చేతిలోనే ఉన్నాయి. పిల్లలను చూసుకునే తండ్రిలా ఆయన సంఘాన్ని చూశారు. అందులో ప్రేమ ఉంది, పెత్తనమూ ఉంది.

అన్నిటికంటే పెద్ద లోటు హక్కుల రాజకీయం. మార్పిడి అయ్యాక ఆ అంటరాని మనిషి పౌరహక్కుల కోసం మిషన్లు ఎందుకు కొట్లాడలేదని అంబేడ్కర్ నిలదీశారు. డోర్నకల్ శిక్షణకూ ఆ ప్రశ్న తగులుతుంది. ఊరూరా సాక్ష్యం చెప్పడం నేర్చుకున్న మనుషులు కచేరీ ముందు నిలబడి భూమి అడగడం, కూలి అడగడం ఆ పాఠాల్లో నేర్చుకోలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులను ఎస్సీ జాబితా బయట పెట్టినప్పుడు ఆ లోటు ఖరీదు తెలిసింది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు ఇంకా బయటే ఉన్నారు.

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. 1919లో తరంగంబాడి సమావేశం నుంచి ఆయన పాటుపడిన దక్షిణ భారత సంఘ ఐక్యత 1947 సెప్టెంబరులో సి.ఎస్.ఐ.గా ఏర్పడింది. దాన్ని చూడకుండానే పోయారు.

ఈరోజు మన చర్చిల్లో ఊడ్చేది, వండేది, పాడేది, ఇంటింటికీ తిరిగేది ఎక్కువగా దళిత స్త్రీలు. కమిటీలో, ఆస్తుల లెక్కల దగ్గర, పీఠం మీద వాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోవాలి. మన ఉద్యమ సంఘాల్లో గోడరాత రాసే కుర్రాళ్ళ సంగతీ ఇంతే. జీతం లేని పని సేవ కావాలంటే, ఆ పని చేసే మనిషికి నేర్చుకునే చోటు, మాట్లాడే చోటు, తీర్పు చెప్పే చోటు ఉండాలి. అజరయ్య మొదటి రెండింటినీ ఇచ్చారు, మూడోదాన్ని వాడ పంచాయితీ దాకా ఇచ్చారు. అక్కడి నుంచి పై మెట్టుదాకా తీసుకెళ్ళడం మన పని.