వెలుతురు కోసం ఆగిన ఇంజినీర్

మొన్న ఎండాకాలంలో నాన్న కారు అమ్మేద్దాం అన్నాడు. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు కొన్న నల్ల కారు అది. ఫోటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టే పని నా మీద పడింది. లక్డీకాపూల్‌లో మా అపార్ట్‌మెంట్ ముందే, మిట్టమధ్యాహ్నం, ఫోన్‌తో టకటకా పన్నెండు ఫోటోలు కొట్టేశాను. బానెట్ మీద సూర్యుడు ఒక తెల్ల మచ్చ. డోర్ల మీద నేను, ట్రాన్స్‌ఫార్మర్, ఎదురింటి బైకులు. కారు తప్ప అన్నీ కనిపించాయి. పది రోజులు ఒక్క ఫోన్ రాలేదు. నా ఫీజుకి నెలాఖరు గడువు. నాన్న ఏమీ అనలేదు గానీ, రోజూ రాత్రి ఎవరైనా అడిగారా అని మాత్రం అడిగేవాడు.

ఈ గోల మా క్లబ్ సీనియర్ ఒకన్నకి చెప్తే, ఆయన సలహా ఏమీ ఇవ్వకుండా ఫోన్‌లో ఒక పాత ఫోటో చూపించాడు. బషీర్‌బాగ్ ప్యాలెస్ లోపలి గది. మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరమే బషీర్‌బాగ్, కానీ ప్యాలెస్ ఇప్పుడు లేదు, పేరే మిగిలింది. ఆ రోజుల్లో గది లోపల ఫోటో అంటే కిటికీల్లోంచి వచ్చే వెలుతురు, చాలాసేపు తెరిచి ఉంచిన లెన్స్, అంతే. అయినా గదిలో సామానంతా కనిపిస్తోంది. తీసింది రాజా దీన్ దయాళ్.

నిజాం ఫోటోగ్రాఫర్ అంటే హైదరాబాదీ అనుకున్నాను. కాదు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. పైగా మనలాగే ఇంజినీరింగ్ స్టూడెంట్! రూర్కీలోని థామ్సన్ కాలేజీలో చదివారు, ఇప్పటి ఐఐటీ రూర్కీ అదే. 1866లో ఇండోర్‌లో పీడబ్ల్యూడీ ఉద్యోగం. ఎస్టిమేట్లు వేయడం, డ్రాయింగులు గీయడం. మన ఇళ్లల్లో అయితే ఇక కథ అక్కడితో సుఖాంతం.

ఆయన కెమెరా పట్టుకున్నది 1874 ప్రాంతంలో, ముప్పై ఏళ్ల వయసులో. అప్పటి ఫోటోగ్రఫీ గురించి చదివాక నా ఫోన్ మీద నాకే జాలి తగ్గింది. గాజు పలకకి కొలోడియన్ అనే జిగురు ద్రావణం పూసి, వెండి లవణంలో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి, వెంటనే కడిగెయ్యాలి. చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే, మన ఎండలకి ఇంకా తక్కువ. ఊరి బయట తీయాలంటే చీకటి గుడారం కూడా మోసుకెళ్లాలి. ఆ పలకలకి నీలం రంగు బాగా అందుతుంది, ఎరుపు దాదాపు అందదు. అందుకే పాత ఫోటోల్లో ఆకాశం తెల్లకాగితంలా ఉంటుంది. చివరికి ప్రింట్ వేయడానికి కూడా ఎండే కావాలి. నెగటివ్ కింద కాగితం పెట్టి, ఫ్రేములో బిగించి, ఎండలో ఉంచేవాళ్లు. మొదటి నుంచి చివరి దాకా సూర్యుడి చేతిలోనే పని. (మన ల్యాబ్‌లో కరెంట్ పోయినప్పుడు మనం పడే బాధ గుర్తు చేసుకోండి.)

ఇండోర్ మహారాజు తుకోజీరావు, బ్రిటిష్ ఏజెంట్ సర్ హెన్రీ డేలీ ప్రోత్సహించారు. 1882లో లెపెల్ గ్రిఫిన్ అనే అధికారితో కలిసి మధ్య భారతంలో కోటలు, గుళ్లు తిరిగి తీశారు. ఆ ఫోటోల్లో నాకు నచ్చింది ఒకటే. రాతి మీద చెక్కిన గీతలు తెలియాలంటే వెలుతురు పక్క నుంచి పడాలి. ఎదురుగా పడితే శిల్పం కూడా గోడలా చదునుగా కనిపిస్తుంది. డ్రాయింగులు గీసి గీసి నీడ విలువ తెలిసిన మనిషి కాబట్టే అంత ఓపిగ్గా ఆగి ఉంటారని నా ఊహ.

1885 ప్రాంతంలో ఉద్యోగానికి సెలవు పెట్టారు, తర్వాత వదిలేశారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1892లో పరదా పాటించే ఆడవాళ్ల కోసం హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకి అప్పగించారు. 1894లో నిజాం ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చాడు. 1896లో బొంబాయిలో స్టూడియో, మరుసటి ఏడాది విక్టోరియా రాణి నుంచి రాజముద్ర.

అందరూ షేర్ చేసేది 1902లో వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర చచ్చిన పులితో కర్జన్ దంపతులు నిలబడ్డ ఫోటో. నాకు అదంటే పెద్దగా ఇష్టం లేదు. అదే చేత్తో, అదే కాలంలో, నిజాం రాజ్యంలో కరువు సహాయ పనుల ఫోటోలు కూడా తీశారు. రాజులకి ఒక వెలుతురు, కూలీలకి ఒక వెలుతురు ఉండవు కదా. 1904లో కొడుకు ధరమ్‌చంద్ పోయాడు, మరుసటి ఏడాది జూలైలో బొంబాయిలో ఆయన. మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ చేసిన ఆ పసుపు రోల్స్ రాయిస్ ఉంది చూడండి, అది 1911 నాటిది. ఆయన చేతికి చిక్కి ఉంటే ఎలా తీసేవారో అని చాలాసార్లు అనుకున్నాను. స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.

మరుసటి ఆదివారం ఆరింటికే నాన్నని లేపాను. కారు కడిగి, సందు చివర పెద్ద బిల్డింగ్ నీడలోకి తెచ్చి పెట్టాం. ఎదురుగా ఖాళీ గోడ, కాబట్టి డోర్ల మీద గోడ తప్ప ఏమీ పడలేదు. నేను మోకాళ్ల మీద కూర్చుని ఫోన్‌ని హెడ్‌లైట్ ఎత్తులో పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి జూమ్ చేశాను. దగ్గర నుంచి తీస్తే కారు ముక్కు ఉబ్బినట్టు వస్తుంది. చీకటిగా ఉన్న వైపు అమ్మ తెల్ల దుప్పటి పట్టుకుంది. టైరు అంచు, డోర్ కింద గీత, అన్నీ తేలాయి.

వెనక డోర్ మీద ఉన్న సొట్ట కూడా తేలింది. ఎండ సందులోకి పక్కగా రావడం మొదలయ్యాక ఇంకా బాగా తేలింది. నాన్న అది వద్దన్నాడు, ఆ వైపు తీయకు అన్నాడు. నేను విన్లేదు. సొట్ట కోసమే ఒక ఫోటో తీసి అది కూడా పెట్టాను. సాయంత్రం దాకా మా ఇద్దరికీ మాటల్లేవు.

మూడో రోజు ఒకాయన ఫోన్ చేశాడు. మొదట అడిగింది సొట్ట గురించే. వచ్చి, చూసి, అడిగిన దానికి ఎనిమిది వేలు తగ్గించి తీసుకెళ్లాడు. తాళాలు ఇచ్చే ముందు రోజు పొద్దున్నే ఈసారి నాన్నే నన్ను లేపాడు. పదేళ్లలో ఆ కారుతో తనకి ఒక్క ఫోటో కూడా లేదంట. ఇస్త్రీ చొక్కా వేసుకుని అప్పటికే కిందికి దిగి, కారుని నీడలో పెట్టి, సొట్ట ఉన్న వైపు నిలబడ్డాడు.