ఎడబాటులోనూ ఆరాధన

క్రైస్తవులకు ప్రతి ఆదివారమూ పునరుత్థాన పండుగే. ఆ పండుగను బిడ్డలకు దూరంగా, మరణం మధ్య ఆచరించిన దైవసేవకుడు విలియం మాంపెసన్. ఇంగ్లాండ్‌లోని ఈమ్ గ్రామ సంఘకాపరి ఆయన.

1665 సెప్టెంబరులో ఆ ఊరికి ప్లేగు సోకింది. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన తన ఇద్దరు పిల్లలను యార్క్‌షైర్‌కు పంపివేశారు. భార్య కేథరిన్ మాత్రం భర్తను విడిచి వెళ్లలేదు. తెగులు పొరుగూళ్లకు పాకకుండా ఎవరూ పొలిమేర దాటవద్దని మాంపెసన్, పూర్వపు కాపరి థామస్ స్టాన్లీ కలిసి గ్రామస్థులను ఒప్పించారు. మందిరం మూసి, ఊరి పక్కనున్న లోయలో ఆరుబయట ఆరాధన జరిపారు. ఒక కుటుంబానికి మరో కుటుంబం ఎడంగా నిలబడి దేవుణ్ణి స్తుతించింది.

ఆగస్టులో కేథరిన్ ప్లేగుతోనే కన్నుమూశారు. తల్లి ఇక లేదన్న కబురును ఆ తండ్రి పిల్లలకు ఉత్తరంలో రాయవలసి వచ్చింది. నవంబరులో తెగులు ఆగేసరికి ఆ చిన్న ఊళ్లో దాదాపు 260 మంది మరణించారు. చుట్టుపక్కల గ్రామాలు మాత్రం బతికాయి.

2020 ఈస్టర్‌కు మన మందిరాలూ మూతపడ్డాయి. ఎందరో అయినవారికి దూరంగా ఇళ్లలోనే ప్రార్థించారు. ఆ ఎడబాటును శిక్షగా తలచిన మనకు మాంపెసన్ జీవితం ఒక మాట నేర్పుతుంది. పొరుగువాని ప్రాణం కోసం దూరంగా ఉండటమూ ప్రేమే. ఆ ప్రేమ ఉన్నచోట ఆరాధన ఆగదు.