వేటకు హద్దు గీచిన థియొడోర్ రూజ్‌వెల్టు

పూర్వకాలమున రాజులకు వేట యొక వినోదము. మన ప్రబంధకవులు మృగయావినోదమును సంతోషముతో వర్ణించియున్నారు. గుఱి తప్పక కొట్టగల వేటగాండ్రు అన్ని దేశములలోను పుట్టిరి. కాని బాణము చేతనుండగా, మృగము ఎదుటనుండగా, ఇంతటితో చాలునని ఆగగలిగినవారు అరుదు. తాను ఆగుటయే గాక, ఒక దేశమంతటికిని ఆగుట నేర్పినవాడు థియొడోర్ రూజ్‌వెల్టు. ఇతడు అమెరికా సంయుక్త రాష్ట్రములకు ఇరువదియారవ అధ్యక్షుడు.

రూజ్‌వెల్టు 1858 వ సంవత్సరము అక్టోబరు 27 వ తేదీన న్యూయార్కు నగరమున ఒక సంపన్న కుటుంబమున జన్మించెను. సంపద యున్నను బాలునకు ఆరోగ్యము లేకుండెను. ఉబ్బసము అతనిని మిక్కిలి బాధించెడిది. రాత్రులందు ఊపిరాడక కూర్చుండియుండెడివాడు. తండ్రి అతనికి ధైర్యము చెప్పి, బుద్ధికి తగిన దేహమును కష్టపడి సంపాదించుకొనవలెనని బోధించెను. ఆ మాట బాలుని మనస్సున నాటుకొనెను. ఇంటిలోనే వ్యాయామశాలను ఏర్పఱచుకొని, ఏండ్ల తరబడి సాధన చేసి, అతడు బలవంతుడయ్యెను.

బాల్యమునుండియు అతనికి జంతువులన్న ఎనలేని ఆసక్తి. ఒకనాడు అంగడివీధిలో చచ్చిన సీలు నొకదానిని చూచి, పిమ్మట దాని పుఱ్ఱెను సంపాదించి, ఇంటిలో చిన్న ప్రదర్శనశాలను ప్రారంభించెను. పక్షుల చర్మములను ఒలిచి, లోపల దూది కూరి, సజీవమువలె నిలబెట్టు విద్యను అభ్యసించెను. కౌమారమున తండ్రి అతనికి తుపాకి నిచ్చెను. మిత్రులకు కనబడు గుఱి తనకు కనబడకపోవుటచేత తన చూపు మందమని అతడు అప్పుడే గ్రహించెను. కన్నులద్దములు ధరించిన పిమ్మట లోకమంతయు అతనికి క్రొత్తగా తోచెను.

హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువు ముగించి, 1882 లో న్యూయార్కు రాష్ట్ర శాసనసభలో సభ్యుడయ్యెను. మఱుసటి సంవత్సరము సెప్టెంబరులో, బైసను అనబడు అడవిదున్నను వేటాడవలెనను కోరికతో పడమటనున్న డకోటా ప్రాంతమునకు రైలెక్కెను. ఈ ప్రయాణమే అతని జీవితమును మలుపు త్రిప్పినది.

ఒకప్పుడు ఆ గడ్డిమైదానములలో అడవిదున్నలు కోట్ల కొలది సంచరించుచుండెను. ఆ ప్రాంతపు ఆదిమజాతులవారికి ఆహారము, వస్త్రము, గుడారము సమస్తము వానివలననే లభించెడివి. రైలుమార్గములు వచ్చిన పిమ్మట చర్మములకొఱకు వేటాడు వ్యాపారులు మైదానములలో ప్రవేశించిరి. తోలు ఒలుచుకొని, మాంసమును అక్కడనే కుళ్ళనిచ్చి, వారు ముందునకు సాగిపోయిరి. కొలది సంవత్సరములలోనే మైదానములు ఎముకల దిబ్బలయ్యెను. దున్నలను నమ్ముకొని బ్రతికిన జాతులు ఆకలికి గుఱియై, తమ భూములను గూడ కోల్పోయెను. 1889 లో ఒక శాస్త్రజ్ఞుడు లెక్క తీయగా, మిగిలినవి వేయికి కొంచెము మించి మాత్రమే యుండెను.

రూజ్‌వెల్టు వెళ్ళునప్పటికి ఒక్క దున్నను కనుగొనుటయే కష్టమాయెను. వానలో తడిసి, బురదలో కూరుకొని, దినముల తరబడి వెదకి, తుదకు ఒక దానిని పడగొట్టెను. ఆ క్షణమున అతని ఆనందమునకు మేర లేకుండెను. తాను పడగొట్టినది దాదాపు అంతరించిన మందలలో మిగిలిన యొక ప్రాణి యని అతడు ఆనాడు తలచియుండడు. ఆ తలపు నిదానముగా కలిగినది.

1884 ఫిబ్రవరి 14 వ తేదీన అతనికి దారుణమైన దుఃఖము ప్రాప్తించెను. అదే యింటిలో, అదే దినమున, తల్లియు భార్యయు మరణించిరి. రూజ్‌వెల్టు మనశ్శాంతిని వెదకుకొనుచు మరల డకోటాకు పోయి, పశువుల పెంపకమున మునిగెను. అక్కడ తిరిగినకొలది ఖాళీ మైదానములు అతని కంటబడుచుండెను. 1886–87 నాటి శీతకాలము మిక్కిలి కఠినమై, ఆ ప్రాంతమున పశువులు మందలు మందలుగా చచ్చెను. మేతకు మించిన పశువులను నేలమీద నిలుపుట ఎంత ప్రమాదమో అతడు తన నష్టముచేతనే నేర్చుకొనెను.

ఈ కాలముననే అతడు వేటను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. జార్జి బర్డు గ్రిన్నెలు అను పత్రికాసంపాదకుడు ఆ గ్రంథమును మెచ్చుకొనుచునే కొన్ని లోపములు చూపెను. రూజ్‌వెల్టు కోపగింపక, స్వయముగా అతని కార్యాలయమునకు పోయి సంభాషించెను. పడమటి మృగములు ఎట్లు నశించుచున్నవో గ్రిన్నెలు వివరించెను. విమర్శకుడే మిత్రుడయ్యెను. ఇరువురును తోడి వేటగాండ్రను కూడగట్టి, 1887 లో బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు అను సంఘమును స్థాపించిరి. దానికి రూజ్‌వెల్టే మొదటి అధ్యక్షుడు. మృగమునకు తప్పించుకొను అవకాశము ఈయని వేట వేట కాదని ఆ సంఘమువారి సిద్ధాంతము. ఉచ్చులో చిక్కినదానిని, నీటిలో ఈదుచున్నదానిని చంపుట వారికి అవమానకరము.

ఆ రోజులలో ఎల్లోస్టోన్ జాతీయవనము పేరునకు మాత్రమే రక్షితప్రదేశము. అక్కడ దొంగతనముగా దున్నలను చంపినవానిని పట్టుకొన్నను, బయటకు వెడలగొట్టుట తప్ప శిక్షించుటకు చట్టము లేకుండెను. ఈ సంఘమువారి కృషి తోడ్పడగా 1894 లో ఆ వనమునకు తగిన చట్టము ఏర్పడెను. శిక్ష లేని శాసనము కంచె లేని చేనువంటిదని దేశము గ్రహించెను.

పిమ్మట రూజ్‌వెల్టు అనేక పదవులు నిర్వహించి, 1898 లో స్పెయినుతో జరిగిన యుద్ధమున పోరాడి, న్యూయార్కు గవర్నరై, 1901 లో ఉపాధ్యక్షుడయ్యెను. అదే సంవత్సరము సెప్టెంబరులో అధ్యక్షుడు మెకిన్లీ హత్యకు గుఱికాగా, నలువది రెండేండ్ల వయస్సున దేశాధ్యక్షుడయ్యెను. అంత చిన్న వయస్సున ఆ పదవి నధిష్ఠించినవారు ఆ దేశమున మఱియొకరు లేరు.

1902 నవంబరులో అతడు మిసిసిపి రాష్ట్రమున ఎలుగుబంటి వేటకు వెళ్ళెను. అతనికి ఎలుగు కనబడకపోగా, తోడివారు ముసలి ఎలుగు నొకదానిని గాయపఱచి చెట్టుకు కట్టి, అధ్యక్షుని కాల్చుమనిరి. కట్టివేసిన ప్రాణిని కాల్చుట తనకు తగదని అతడు నిరాకరించెను. అది తీవ్రముగా గాయపడియుండుటచేత, దాని బాధ తీఱునట్లు తోడివారిచే అంతమొందింపజేసెను. ఈ సంగతిని ఒక చిత్రకారుడు వ్యంగ్యచిత్రముగా వేయగా దేశమంతట వ్యాపించెను. రూజ్‌వెల్టు ముద్దుపేరైన టెడ్డీ అను నామము ఆనాటినుండియే బొమ్మ ఎలుగుబంట్లకు అంటుకొనెను. నేడు పసివారు నిద్రించునప్పుడు కౌగిలించుకొను టెడ్డీ బేర్ వెనుక ఇట్టి కథ కలదు.

అధ్యక్షుడుగా అతడు చేసిన సేవ అపారము. 1903 లో ఫ్లోరిడాలోని పెలికన్ దీవిని పక్షుల రక్షణస్థానముగా ప్రకటించెను. స్త్రీల టోపీల అలంకారమునకై ఈకలు కోరు వ్యాపారులు అక్కడి పక్షులను నిర్మూలించుచుండిరి. ఆ పదవిలో నున్న కాలమున అతడు 51 పక్షిరక్షణస్థానములను, 4 మృగరక్షణస్థానములను నెలకొల్పి, మొత్తము మీద సుమారు 23 కోట్ల ఎకరముల భూమికి రక్షణ కల్పించెను. 1907 లో న్యూయార్కు జంతుప్రదర్శనశాలనుండి 15 అడవిదున్నలను రైలులో ఓక్లహోమాలోని విచిటా రక్షణస్థానమునకు పంపిరి. ఒకప్పుడు దున్నల నాశనమునకు త్రోవ చూపిన రైలే వానిని మరల స్వస్థానమునకు చేర్చినది.

అయినను రక్షించుట యనగా వదలివేయుట మాత్రమే కాదని కాలము చూపెను. 1906 లో రూజ్‌వెల్టు గ్రాండ్ కాన్యన్ ప్రాంతమున దుప్పులకొఱకు ఒక రక్షణస్థానమును ప్రకటించెను. అక్కడ వేట నిలిపి, దుప్పులను తిను కొండసింహములను, తోడేళ్ళను అధికారులు చంపించిరి. దుప్పులు విపరీతముగా పెరిగెను. మేత చాలక, 1920 తరువాతి సంవత్సరములలో వేల కొలది దుప్పులు ఆకలిచే చచ్చెను. అడవికి కూడ ఒక లెక్క కలదు. ఎన్ని ఉండవలెను, ఎన్ని తీయవచ్చును అను రెండు ప్రశ్నలకును సమాధానము తెలిసినవాడే రక్షకుడు.

రూజ్‌వెల్టు దోషరహితుడు కాడు. పదవి విడిచిన పిమ్మట 1909 లో ఆఫ్రికాకు పోయి, ప్రదర్శనశాలకొఱకు తన కుమారునితో కలిసి ఐదువందలకు పైగా జంతువులను కాల్చెను. ఇంత అవసరమా యని పలువురు ప్రశ్నించిరి. తరువాత దక్షిణ అమెరికాలో తెలియని నదిని అన్వేషింపబోయి, రోగపీడితుడై మృత్యుముఖమునుండి బయటపడెను. 1919 జనవరి 6 వ తేదీన నిద్రలో కన్నుమూసెను.

అతడు నాటిన భావము అతనితో పోలేదు. వన్యమృగములు ప్రజలందఱి సొత్తు, వానిని అమ్ముకొనుటకు ఎవరికిని హక్కు లేదు అను నియమము ఆ దేశమున క్రమముగా స్థిరపడెను. నేడు పడమటి రాష్ట్రములలో పెద్ద మృగములను వేటాడగోరువాడు తుపాకి భుజమున వేసికొని తిన్నగా అడవికి పోలేడు. అధికారులు మందలను లెక్కించి, ఒక్కొక్క ప్రాంతమున ఎన్నింటిని వేటాడవచ్చునో నిర్ణయింతురు. అన్నియే అనుమతిచీట్లు ఉండును. వానిని ట్యాగులందురు. కోరువారు చాలమంది, చీట్లు కొన్నియే. అందుచేత చాలచోట్ల నెలల ముందే దరఖాస్తులు స్వీకరించి, లాటరీ పద్ధతిని చీట్లు తీయుదురు.

ఈ లాటరీలో ధనవంతుడైనను, పేదయైనను, సామాన్యముగా తన వంతు కొఱకు వేచియుండవలసినదే. చీటి రానివారికి కొన్ని రాష్ట్రములు పాయింట్లు ఇచ్చును. కొన్నిచోట్ల ఎక్కువ పాయింట్లు కలవారికే మొదట చీటి లభించును. కొన్నిచోట్ల పాయింట్లు పెరిగినకొలది అవకాశము మాత్రము పెరుగును, నిశ్చయము ఉండదు. ఐడహో, న్యూ మెక్సికో రాష్ట్రములలో పాయింట్లే లేవు. ఏటేటా అందఱును సమానులే.

కావున వివేకి యైన వేటగాడు పూర్వపు సంవత్సరముల లెక్కలు చదువును. ఏ ప్రాంతమునకు ఎందఱు కోరిరి, ఎందఱికి దొరకెను అని పరిశీలించును. దుర్లభమైన యొక్క స్థలము కొఱకు పాయింట్లు కూడబెట్టుటయా, సులభముగా దొరకు స్థలమున తఱచుగా వేటాడుటయా అని ముందే నిశ్చయించుకొనును. పాయింట్లు కూడబెట్టువారు పెరిగినకొలది కావలసిన పాయింట్లు కూడ పెరుగుచుండును; కావున అన్ని ఆశలను ఒకే చీటిమీద పెట్టుకొనక, వేర్వేరు రాష్ట్రములలో దరఖాస్తులు పెట్టువారు పలువురు. కొండగొఱ్ఱెవంటి అరుదైన మృగమునకై ఇరువది యేండ్లు కనిపెట్టుకొని యున్నను చీటి దొరకనివారు కలరు. లైసెన్సుల రుసుములును, 1937 నాటి చట్టము ప్రకారము తుపాకులపైనను తూటాలపైనను వేసిన పన్నును మృగరక్షణకు వినియోగపడుచున్నవి.

ఈ పద్ధతిని రూజ్‌వెల్టు స్వయముగా ఏర్పఱచలేదు. ఆయా రాష్ట్రములు తమ చట్టములచేత క్రమముగా కల్పించుకొనినవి. కాని చేతికి దొరకిన దానినంతయు తీసికొనరాదను మూలసూత్రమును ప్రజల మనస్సున నాటినవారిలో అతడు అగ్రగణ్యుడు. మన దేశము మఱియొక మార్గమును అనుసరించి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచేత వేటను నిషేధించినది. మార్గములు వేఱైనను ఉద్దేశము ఒక్కటియే.

మన పల్లెలలో చెఱువునీరు తక్కువైన యేట రైతులు వంతులు వేసికొని పొలములు తడుపుకొందురు. బలవంతుడు రాత్రివేళ తూము తెఱచినచో ఆ యేడు అతని చేను పండవచ్చును. చెఱువు మాత్రము ఊరిది కాకపోవును. అడవియు అట్టి చెఱువే. మందలు తఱిగిపోవుచున్న కాలమున దున్న కొఱకు పరుగెత్తిన యువకుడు, ఆ మందల కొఱకే తన అధికారమును వినియోగించిన అధ్యక్షుడయ్యెను. గుఱి చూచి కొట్టుట అతడు యౌవనమున నేర్చెను. వంతు తెలిసి ఆగుట నేర్చుటకు అతనికి మఱికొంత కాలము పట్టెను. ఆ రెండవ విద్యయే అతనికి శాశ్వతమైన కీర్తిని తెచ్చినది.