కౌపర్ కవి పునర్జీవనము

జాన్ గిల్పిన్ గుఱ్ఱపు స్వారీ కథతో పాఠకలోకమును నవ్వించిన ఆంగ్లకవి విలియం కౌపర్, ఒకప్పుడు తన ప్రాణమును తానే తీసికొనబోయినవాడు.

కౌపర్ 1731లో ఇంగ్లండునందలి బెర్క్‌హామ్‌స్టెడ్‌లో మతాచార్యుని కుమారుడుగా జన్మించెను. పసితనముననే తల్లి గతించెను. వసతి పాఠశాలలో పెద్ద విద్యార్థి యొకడు పెట్టిన హింసకు బెదరి, ఆ బాలుడు తలయెత్తి వాని ముఖము చూచుటకైనను జంకెడివాడు. పెరిగి న్యాయశాస్త్రము చదివెను గాని, విషాదవ్యాధి యౌవనముననే ఆయనను పట్టుకొనెను.

1763లో ప్రభువుల సభలో ఒక ఉద్యోగము లభించు నవకాశము వచ్చెను. అందులకు సభ యెదుట నిలిచి పరీక్ష నీయవలసియుండెను. ఆ తలంపుతో వ్యాధి ముదిరి, ఆయన ఆత్మహత్యకు యత్నించి బ్రతికెను. బ్రతికినందులకు సంతోషము కలుగలేదు. సిగ్గును, పాపభీతియు మనస్సును దహింపసాగెను.

బంధువులు ఆయనను సెయింట్ ఆల్బన్స్‌లోని డాక్టరు నథానియల్ కాటన్ చికిత్సాలయమునకు పంపిరి. లండనునందలి బెడ్లామ్ ఆసుపత్రిలోని మనోరోగులను జనులు వినోదముగా చూడబోవు కాలమది. కాటన్ మాత్రము కొలదిమందినే చేర్చుకొని కరుణతో చూచెడివాడు. ఆయనయు కవియే. తొలి మాసములలో కౌపర్‌కు ఊఱట కలుగలేదు. 1764 వేసవిలో మనస్సు తేటపడెను. పిమ్మటను వైద్యుడు ఆయనను విడువక, దైవకృపను గూర్చియు, ఆయన భయములను గూర్చియు స్నేహితునివలె సంభాషించుచుండెను. కౌపర్ మరి యొక సంవత్సరము అచ్చటనే నిలిచి, 1765లో వెలుపలికి వచ్చెను.

తరువాత మేరీ అన్‌విన్ కుటుంబము ఆయనను తమ యింటివానిగా చేర్చుకొనెను. వ్యాధి నిశ్శేషముగా పోలేదు. 1773లో మరల విజృంభించెను. మేరీ పరిచర్యయు, తోటపనియు, కుందేళ్ళ పెంపకమును ఆయనను నిలిపినవి. 1782లో లేడీ ఆస్టిన్ చెప్పిన కథయే జాన్ గిల్పిన్ గేయమయ్యెను. 1785లో ‘ది టాస్క్’ వెలువడెను. 1788లో బానిస వ్యాపారమును ఖండించు గీతములు వ్రాసెను. 1791లో హోమరు కావ్యముల అనువాదమును ప్రకటించెను. కడపటి యేండ్లలో చీకటి మరల క్రమ్మెను; 1800లో సహజమరణమొందెను.

యత్నము చేసి బ్రతికినవారిని నిందింపక, జరిగినది వారి నోటనే విని, ఆపద మరల పొడసూపినప్పుడు ఎవరిని పిలువవలయునో వారితో కలిసి ముందే నిర్ణయించుట నేటి సంభాషణ చికిత్సలోని ప్రధానాంశము. ఆ శాస్త్రము కాటన్ కాలమున లేదు. ఓపికతో వినుట యుండెను. కౌపర్‌కు కీర్తి తెచ్చిన కృతులన్నియు 1763 తరువాతివే. తలవంచుకొని కూర్చుండు విద్యార్థిని పలుకరించు ఉపాధ్యాయునకు ఇంతకంటె మంచి ప్రోత్సాహము లేదు.