పశువుల డాక్టరు చేసిన టైరు

డన్‌లప్ అంటే మనకి పరుపు గుర్తొస్తుంది, లేకపోతే టైరు. ఆ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడని, ఆయన వృత్తికి పశువుల డాక్టరని చెప్తే మా హాస్టల్‌లో ఎవరూ నమ్మలేదు. నేను ఆయన జీవితం చదవడానికి కారణం కోడుమూరులో మా పెదనాన్న కొడుకు కారు. అన్న స్ప్రింగులు మార్పించి కారుని కిందికి దించాడు, పెద్ద అలాయ్ వీల్స్ వేయించాడు. చూడ్డానికి సూపర్‌గా ఉంది. కానీ ఎమ్మిగనూరు రోడ్డులో ఒక్కో గుంతకీ టైరు మడ్‌గార్డ్ అంచుకి రాసుకుంటోంది. టైరు భుజం మీద గీత పడి లోపలి దారాలు కనిపించేదాకా వచ్చింది. అదే కారులో జేజిని కర్నూలు ఆస్పత్రికి తీసుకెళ్తారు కాబట్టి ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది. కంప్యూటర్ సైన్స్ వాడిని, నాకేం తెలుసు? అయినా ఎందుకు రాసుకుంటుందో వెతుకుతూ వెతుకుతూ గాలి టైరు పుట్టిన చోటికి వెళ్ళిపోయాను.

జాన్ బాయ్డ్ డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లాండ్‌లో డ్రెగ్‌హార్న్ అనే పల్లెలో రైతు ఇంట్లో పుట్టాడు. ఎడిన్‌బరోలో పశువైద్యం చదివి, 1867లో ఐర్లండ్ వెళ్ళి, బెల్‌ఫాస్ట్‌లో ప్రాక్టీసు పెట్టి బాగా స్థిరపడ్డాడు. అంటే నలభై ఏడేళ్ళు వచ్చేదాకా ఆయన లోకమంతా గుర్రాలు, పశువులు. సెకండియర్‌లోనే మన లైఫ్ అయిపోయిందని ఫీలయ్యే మనం ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఆయన కొడుకు చిన్నవాడు, మూడు చక్రాల సైకిల్ తొక్కేవాడు. అప్పటి చక్రానికి గట్టి రబ్బరు పట్టీ ఉండేది, రాళ్ళు పరిచిన వీధిలో ఎముకలు కదిలిపోయేవి. 1887 చివర్లో డన్‌లప్ ఒక గుండ్రటి చెక్క బిళ్ళ చుట్టూ పల్చటి రబ్బరు గొట్టం పెట్టి, పైన బట్ట చుట్టి మేకులు కొట్టి, ఫుట్‌బాల్ పంపుతో గాలి నింపాడు. పెరట్లో ముందు సైకిల్ చక్రాన్ని దొర్లించాడు, తర్వాత తన చెక్క బిళ్ళని దొర్లించాడు. మొదటిది మధ్యలో పడిపోయింది. రెండోది పెరడంతా దాటి అవతల గేటుకి కొట్టుకుంది. నాకు బాగా నచ్చిన ప్రయోగం ఇదే. ల్యాబ్ లేదు, మీటర్ లేదు, ఏది ఎక్కువ దూరం పోతే అది గెలిచినట్టు. 1888 ఫిబ్రవరిలో అబ్బాయి సైకిల్‌కి కొత్త టైర్లు ఎక్కాయి, ఆ ఏడాదే పేటెంట్ వచ్చింది.

ఇక్కడే మా అన్న కారు కథ కలుస్తుంది. గాలి టైరు లావు. అప్పటి సైకిళ్ళ ఫోర్కులు సన్నటి రబ్బరు పట్టీకి సరిపోయేలా చేసినవి. ఇంత లావు టైరు వాటి మధ్యలో పట్టదు, పట్టినా రాసుకుంటుంది. అందుకే ఉన్న సైకిల్‌కి టైరు మార్చితే సరిపోలేదు, వెడల్పు ఫోర్కులతో ఫ్రేమే కొత్తగా చేయాల్సి వచ్చింది. బెల్‌ఫాస్ట్‌లో ఎడ్లిన్ కంపెనీ అలాంటి సైకిళ్ళు తయారుచేసింది. మొదటి రోజు నుంచీ గాలి టైరుతో పాటు ఈ జాగా సమస్య కూడా ఉంది.

తేడా ఏంటంటే, సైకిల్‌కి ఫ్రేమ్ మార్చారు, కారుకి మనం బాడీ మార్చలేం. చక్రం ఎక్కడ కూర్చోవాలో మాత్రమే మార్చగలం. దానికి కొలతే ఆఫ్‌సెట్. రిమ్ము వెడల్పుకి సరిగ్గా నడి గీత అనుకోండి, బోల్టులు బిగించే ముఖం ఆ గీత నుంచి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో ఆ అంకె. రిమ్ము మీద ఈటీ 45 అని ఉంటే ముఖం గీతకి 45 మిల్లీమీటర్లు బయటి వైపు ఉందని అర్థం. అంకె తగ్గితే చక్రం బయటికి వస్తుంది, పెరిగితే లోపలికి పోతుంది.

అన్న కారుకి ముందున్నది 6 అంగుళాల రిమ్ము, ఈటీ 45. షాపులో వేసింది 7 అంగుళాలు, ఈటీ 35. వెడల్పు ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు పెరిగింది. అందులో సగం 12.7 బయటికి, సగం లోపలికి. దానికి తోడు ఆఫ్‌సెట్ 10 తగ్గింది కాబట్టి మొత్తం చక్రం ఇంకో 10 బయటికి జరిగింది. బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు ముందుకొచ్చింది, లోపలి అంచు షాకబ్జర్ వైపు 2.7 మాత్రమే జరిగింది. పైగా కారు కిందికి దిగింది, గుంతలో మడ్‌గార్డ్ ఇంకా కిందికి వచ్చి టైరు మీద కూర్చుంటుంది. రాసుకోక ఏం చేస్తుంది? స్పేసర్ వేస్తే సరిపోతుందని ఒకాయన సలహా ఇచ్చాడట. స్పేసర్ చక్రాన్ని ఇంకా బయటికి తోస్తుంది, అది సరిగ్గా తిరగబడ్డ మందు. వెనక సీట్లో మనుషుల్ని కూర్చోబెట్టి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, లోపలా బయటా ఖాళీ కొలిచాం. చివరికి 6.5 అంగుళాలు, ఈటీ 45 తీసుకున్నాడు. రెండు వైపులా 6.35 చొప్పున, అంతే. లుక్ కొంచెం తగ్గిందని అన్నకి ఇంకా బాధే.

మళ్ళీ డన్‌లప్. 1889 మే నెలలో బెల్‌ఫాస్ట్‌లో సైకిల్ పందేలు జరిగాయి. విల్లీ హ్యూమ్ అనే రైడర్ ఈ లావు టైర్లతో వస్తే జనం నవ్వారు. పందేలు గెలిచాక ఎవరూ నవ్వలేదు. ఓడిన వాళ్ళలో హార్వే డ్యూ క్రాస్ అనే డబ్లిన్ వ్యాపారి కొడుకులున్నారు. ఆ తండ్రి తెలివైనవాడు, డన్‌లప్ హక్కులు తీసుకుని కంపెనీ పెట్టాడు. అంతలో పెద్ద దెబ్బ. గాలి టైరుకి రాబర్ట్ థామ్సన్ అనే ఇంకో స్కాట్లాండ్ మనిషి 1845లోనే పేటెంట్ తీసుకున్నాడని బయటపడింది. సైకిల్ యుగానికి చాలా ముందే వచ్చింది కాబట్టి లోకం దాన్ని మర్చిపోయింది. డన్‌లప్ పేటెంట్ చెల్లలేదు. కంపెనీని నిలబెట్టింది 1890లో ఛార్లెస్ వెల్చ్ చేసిన మార్పు. డన్‌లప్ టైరు చక్రానికి అంటించి చుట్టినది, పంక్చరైతే అంతా ఊడదీయాలి. వెల్చ్ టైరు అంచుల్లో తీగ పెట్టి, మధ్యలో పల్లం ఉన్న రిమ్ములో కూర్చోబెట్టాడు. మన కారు రిమ్ము ఇప్పటికీ ఆ వంశమే.

మా వైపు ఈ టైరు ఇంకో దారిలో వచ్చింది. జేజినాయన మొదట్లో ఇనప పట్టా చక్రాల బండి తోలేవాడు, తర్వాత టైరు బండి కొన్నాడు. అవే ఎద్దులు, మూటలు మాత్రం ఎక్కువ. నల్లరేగడిలో ఇనప పట్టా కోసుకుని దిగిపోతుంది, వెడల్పు టైరు అంతగా దిగదు. పశువుల డాక్టరు చేసిన పని చివరికి ఎద్దుల మెడలకి ఉపయోగపడింది. ఈ సంగతి ఆయనకి తెలిస్తే సైకిల్ పందేల కంటే ఎక్కువ సంతోషించేవాడేమో.

డన్‌లప్‌కి వ్యాపారం పడలేదు. 1895లో కంపెనీ నుంచి తప్పుకున్నాడు. మరుసటి ఏడాదే దాన్ని హూలీ అనే వ్యాపారి 30 లక్షల పౌండ్లకి కొని, 50 లక్షలకి జనానికి షేర్లుగా అమ్మాడు. ఆ డబ్బులో డన్‌లప్‌కి రూపాయి రాలేదు. డబ్లిన్‌లో ఒక బట్టల వ్యాపారంలో వాటా పెట్టుకుని మామూలుగా బతికాడు. కానీ గడ్డంతో ఉన్న ఆయన బొమ్మ కంపెనీ ప్రకటనల్లో ఉండిపోయింది. దానికి పొడుగు టోపీ తొడిగి, చేతిలో కర్ర పెట్టి, షోకిలా రాయుడిలా గీశారు. అలా ఎప్పుడూ తయారవ్వని ఆ మనిషి దాని మీద కోర్టుకి కూడా వెళ్ళాడు. 1921 అక్టోబరు 23న డబ్లిన్‌లో చనిపోయాడు. అప్పటికి ఆయన పేరున్న టైర్లు ఆయనెప్పుడూ చూడని దేశాల్లో కూడా తిరుగుతున్నాయి.